రాతి నాడి పట్టిన రాబర్టు మాలెట్

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చి వ్రాయుటకు పండితులు కలరు. దేశనాయకులను గూర్చి వ్రాయుటకు వక్తలు కలరు. జీవితమంతయు గ్రామపు లెక్కలతో గడపి, తీరిక దొరికినప్పుడు ఈ గ్రంథాలయపు బీరువాల ప్రక్కన కూర్చుండి, గురుముఖమున గాక నాకు నేనే భారత భాగవతములను కూడబలుకుకొన్న నాబోటివాడు ఎవరిని గూర్చి వ్రాయవలెను? చాల దినములు ఆలోచించి, తుదకు ఐర్లండు దేశమున ఇనుప పోతపని చేయువాని యింట పుట్టిన యొక యింజనీరును ఎన్నుకొంటిని. ఆయన పేరు రాబర్టు మాలెట్. ఆయన మన భాష యెరుగడు, మన ఊరు చూడలేదు. అయినను ఆయనను నేనేల ఎన్నుకొంటినో మొదట చెప్పవలసియున్నది.

నా చిన్ననాట మా చెరువుగట్టు తూము దగ్గర చెమర్చుచుండెడిది. గట్టుమీద మట్టి పోసి, పచ్చగడ్డి పరచి, బాగుచేసితిమని పెద్దలు నిశ్చింతగా నుండిరి. ఎన్ని బండ్ల మట్టి పోసిరో, ఎందరు కూలీలు పనిచేసిరో, కూలి యెంత ముట్టినదో అంతయు లెక్కలో నుండెను. ఆ యేటి వానలకు గట్టు సరిగా అచ్చటనే తెగినది. పైరు పోయినది, పల్లపుటిండ్లు కూలినవి. పెద్దవాడనై లెక్కల పుస్తకము చేతికి వచ్చిన తరువాత ఆ పాత పద్దును చూచితిని. అందులో ఒక్క అంకె తప్పు లేదు. పోసిన మట్టి యెంతయో వ్రాసియున్నది గాని, లోపలి సందు పూడెనా లేదా యన్నది మాత్రము లేదు. దానిని చూచినవాడెవడు? కంటికి కనబడని చోటును చూచుట యెట్లు? ఈ ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు. దీనికి సమాధానమునకు త్రోవ చూపిన తొలి పురుషులలో మాలెట్ ఒకడని పుస్తకములవలన తెలిసికొని, ఆయనయందు నాకు భక్తి కలిగినది.

రాబర్టు మాలెట్ 1810వ సంవత్సరము జూన్ 3వ తేదీన డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి జాన్ మాలెట్ ఇంగ్లండులోని డెవన్ సీమనుండి వచ్చి డబ్లినులో స్థిరపడి, ఇనుప పోతపని కార్ఖానా నడుపుచుండెను. బాలుడు కొలిమి మంటల వెలుగులో పెరిగెను. కరగిన ఇనుము అచ్చులోనికి పారుటయు, చల్లారిన పోతను సుత్తితో కొట్టి దాని మ్రోతనుబట్టి మంచిదో చెడ్డదో నిర్ణయించుటయు ఆయన నిత్యము చూచిన పనులు. మన యాడువారు సంతలో కుండ కొనునప్పుడు వ్రేలిమడమతో తట్టి చూతురు గదా! పగులు లేని కుండ ఖంగుమనును, పగులున్న కుండ బొంగురుపోవును. ఇనుపపోతకును అదే పరీక్ష. ముందుముందు ఆ బాలుడు భూమినే తట్టి చూడబోవుచున్నాడు.

1826లో ట్రినిటీ కళాశాలలో చేరి, 1830లో పట్టము పొందెను. మరుసటి యేడు కార్ఖానాలో తండ్రికి తోడు నిలిచెను. ఆ 1831లోనే కార్డీలియా యను నామెను వివాహమాడెను. ఇరువదిరెండవ యేట, అనగా 1832లో, రాయల్ ఐరిష్ అకాడమీవారు ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరి. ఆయన చేతిమీదుగా కార్ఖానా వృద్ధిపొందినది. డబ్లినులోని సెయింట్ జార్జి చర్చి పైకప్పు నూటముప్పదిమూడు టన్నుల బరువైనది. దానిని విప్పకయే పైకెత్తి పేరు గడించెను. ట్రినిటీ కళాశాల చుట్టునున్న ఇనుపకటకటాలు ఆ కార్ఖానాలో పోసినవే. సముద్రమధ్యమున ఫాస్ట్‌నెట్ అను బండమీద నిలిపిన మొదటి దీపస్తంభమునకు పోతయినుము అచ్చటినుండియే పోయినది. వంతెనలపై పరచుటకు వంపుతేల్చిన ఇనుపరేకులను కనిపెట్టి 1852లో హక్కు పొందెను. ఇట్లు బ్రతుకుతెరువు ఇనుముతో సాగుచుండగా ఆయన మనస్సు మాత్రము రాతివైపునకు మరలినది.

అందుకు కారణము ఒక పుస్తకములోని బొమ్మ. ఇటలీ దేశపు దక్షిణభాగమున కలాబ్రియా యను సీమ కలదు. 1783లో అచ్చట ఘోరమైన భూకంపములు వచ్చెను. ఆ సీమలో సాన్ బ్రూనో మఠము ముంగిట రెండు రాతి స్తంభములుండెను. భూకంపమున ఆ స్తంభముల పీఠములు కదలలేదు, స్తంభములు పడనులేదు. కాని పైనున్న రాళ్ళు మాత్రము ఎవరో చేతితో త్రిప్పినట్లు తమ స్థానమున మెలిదిరిగి నిలిచెను. భూమి సుడిగాలివలె గిరగిర తిరుగుటచేతనే యిట్లయినదని ఆనాటి విద్వాంసులు తలచిరి. మాలెట్ ఆ బొమ్మను చూచి ఆ మాటతో తృప్తిపడలేదు. బరువులను ఎత్తియు దించియు అలవడిన యింజనీరు బుద్ధి ఆయనది. రాతిని క్రిందిరాయి పట్టుకొను చోటు దాని బరువునకు సరిగా నడుమ లేనప్పుడు, సూటిగా వచ్చిన ఒక్క త్రోపుననే రాయి మెలిదిరుగునని తేల్చెను. భూమి సుడి తిరుగ నక్కరలేదు. భూమిలో ఒక తరంగము ఒకవైపునుండి మరియొకవైపునకు సాగిపోయిన చాలును.

ఈ యాలోచన పెరిగి 1846వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన రాయల్ ఐరిష్ అకాడమీ సభలో ఒక వ్యాసమైనది. భూకంపమనునది రాతిలో సాగు స్థితిస్థాపక తరంగమని, శబ్దము గాలిలో సాగునట్లే అదియు శిలలో సాగునని ఆయన ప్రతిపాదించెను. భూకంపవిజ్ఞానమునకు ఆంగ్లమున నేడు వాడుకలోనున్న సీస్మాలజీ యను పేరు పెట్టినవాడును ఆయనయే.

తరంగమన్న తరువాత దానికి వేగముండవలెను. వేగమన్న తరువాత కొలవవలెను. భూకంపము మనము పిలిచినప్పుడు వచ్చునది కాదు. కావున తానే చిన్న భూకంపమును పుట్టింపవలెనని మాలెట్ నిశ్చయించెను. 1849 అక్టోబరులో డబ్లిన్ దగ్గరి కిలినీ సముద్రతీరమున ఇసుకలో తుపాకిమందు పీపాను పాతి, అరమైలు దూరమున ఒక సాధనమును నిలిపెను. అది మిక్కిలి సామాన్యమైనది. ఒక పాత్రలో పాదరసము. దానిపై ప్రతిఫలించు ఒక సన్నని దారపు గుర్తు. ఆ ప్రతిబింబమును చూచుటకు ఒక దుర్భిణి. ఇంతే. మందు ప్రేలినంతనే గడియారము నడచును. నేల అదిరి పాదరసము చలించి గుర్తు చెదరినంతనే గడియారము ఆగును. ఆ నడుమ కాలముతో దూరమును భాగించినచో వేగము తేలును. పిదప డాల్కీ వద్ద నల్లరాతివంటి గట్టి గ్రానైటు బండలలో ఇట్లే చేసెను.

ఫలితమేమి? ఇసుకలో క్షణమునకు, అనగా ఒక సెకండునకు, 825 అడుగులు. మిక్కిలి పగిలియున్న గ్రానైటులో 1,306 అడుగులు. కొంత గట్టిదగు గ్రానైటులో 1,665 అడుగులు. గ్రానైటు యొక్క గట్టితనమునుబట్టి లెక్కించినచో తరంగము సెకండునకు అనేకవేల అడుగులు పోవలసియుండెను. చేతికి వచ్చిన అంకె దానిలో చిన్నపాలు మాత్రమే.

లెక్కలు వ్రాయువానికి ఇచ్చటనే మాలెట్ గొప్పతనము కనబడును. ఆశించిన మొత్తమునకును చేతనున్న మొత్తమునకును ఇంత వ్యత్యాసము వచ్చినప్పుడు మనుష్యులు సామాన్యముగా రెండు త్రోవలలో నొకటి పట్టుదురు: పుస్తకమును మూసివేయుట, లేదా అంకెను దిద్దుట. మాలెట్ రెండును చేయలేదు. వచ్చిన అంకెలను వచ్చినట్లే 1851లో బ్రిటిష్ విజ్ఞానసభకు సమర్పించి, వ్యత్యాసమునకు కారణమును వెదకెను. ముక్కగా చేతిలోనున్న రాయి వేరు, కొండగా భూమిలోనున్న రాయి వేరు అని ఆయనకు స్ఫురించెను. కొండరాయి ఒక్క ముద్ద కాదు. అందులో నెఱ్ఱెలు, పొరలు, సందులు, మట్టి నిండిన చీలికలు ఉండును. ప్రతి సందునొద్దను తరంగము తడబడును, చుట్టుతిరుగును, బలము కోల్పోవును. రాయి యెంత పగిలియున్నదో తరంగము అంత మెల్లగా నడచును. ఒకే చోటి గ్రానైటులోనే పగిలినది 1,306, గట్టిది 1,665 అయినదన్న సంగతి ఈ మాటకు సాక్ష్యము.

పాఠకులు ఈ యొక్క మాటను మనస్సున నిలుపుకొనవలెనని ప్రార్థన. ముందు చెప్పబోవు ఆనకట్టల కథకంతటికిని ఇదియే పునాదిరాయి.

ఆయన అంతటితో విడువలేదు. వేల్సు దేశమున హోలీహెడ్ రేవునకు అడ్డుగోడ కట్టుటకై కొండను పెద్దపెద్ద మందుపాతరలతో ప్రేల్చుచుండిరి. ఆ ప్రేలుళ్ళను తన ప్రయోగములుగా మార్చుకొని 1856 మొదలు 1861 వరకు అచ్చటి పలకరాతిలోను, స్ఫటికశిలలోను వేగమును కొలిచెను. సెకండునకు సుమారు 1,100 అడుగులు వచ్చెను. అదే రాతి ముక్కలను నొక్కి చూచి, ముక్కలో పోవలసిన వేగమును విడిగా గణించెను. కొండలో దానిలో పెద్దభాగము నష్టమగుచున్నదని, ఆ నష్టమునకు పగుళ్ళే హేతువని మరల తేలినది.

ఈ నడుమ కుటుంబమున దుఃఖము వచ్చెను. 1854లో భార్య కార్డీలియా మరణించెను. ఆ యేడే రాయల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. లోకము ఒకచేత ఇచ్చి యొకచేత తీసికొనుట క్రొత్త గాదు. పెద్దకుమారుడు జాన్ విలియం తండ్రికి కుడిభుజమై, ప్రాచీన గ్రంథములనుండియు వార్తలనుండియు లోకమందలి భూకంపముల పట్టికను కూర్చుటలో తోడ్పడెను. అందు 6,831 భూకంపములు చేర్చబడెను. ఆ పట్టికనుబట్టి ప్రపంచపటముపై రంగులు వేయగా, భూకంపములు ఎచ్చట బడిన నచ్చట రాక కొన్ని పట్టెలవెంబడి వచ్చుచున్నవని కంటికి కట్టినట్లు కనబడెను.

1857వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీ రాత్రి ఇటలీలో నేపుల్సు రాజ్యమును గొప్ప భూకంపము కుదిపివేసెను. సుమారు పదునొకండువేలమంది మృతిచెందిరి. మాలెట్ వెంటనే రాయల్ సొసైటీకి విన్నపము వ్రాసుకొని, 150 పౌనుల సహాయము పొంది, 1858 ఫిబ్రవరిలో అచ్చటికి చేరెను. చలికాలము; కొండదారులు; ఇండ్లు లేని జనము. కూలిన ఊరినుండి కూలిన ఊరికి తిరుగుచు, ఏ గోడ యేవైపునకు పగిలినది, ఏ విగ్రహము ఎంతదూరమున పడినది అని కొలిచి వ్రాసికొనెను. పగుళ్ళ వాలునుబట్టి తరంగము వచ్చిన దిక్కును గణించి, ఆ దిక్కులన్నియు కలియు చోటు భూగర్భమున సుమారు పది కిలోమీటర్ల లోతున నున్నదని నిర్ణయించెను. ఛాయాచిత్రములతో కూడిన ఆ నివేదిక 1862లో రెండు సంపుటములుగా వెలువడెను. ఇతరులు శిథిలములను చూచి కన్నీరు విడిచిరి. ఆయన శిథిలములను చదివెను. ఆ చదువుట జాలిలేకపోవుట కాదు. తరువాతి ఊరు కూలకుండుటకు అదియే దారి.

మహాత్ములందరును అన్నిట గెలువరు. మాలెట్ జీవితమున ఒక వింత యపజయము కలదు. క్రిమియా యుద్ధకాలమున ముప్పదియారంగుళముల నోరుగల మహాఫిరంగి నొకదానిని ఆయన రూపకల్పన చేసెను. నలువదిరెండు టన్నుల బరువు. గుండు ఒక్కొక్కటి టన్నుకు మించినది. రెండు ఫిరంగులు తయారగుసరికి 1857వ సంవత్సరము వచ్చెను, యుద్ధము అంతకుముందే ముగిసెను. పరీక్షకై పందొమ్మిది సార్లు ప్రేల్చిరి, పలుమారులు మరమ్మతులు చేసిరి, తుదకు మూలపడవేసిరి. అవి ఏ శత్రువుమీదను ప్రేలలేదు. కిలినీ ఇసుకలో పాతిన చిన్న మందుపీపా మాత్రము లోకమునకు నేటికిని ఉపకరించుచున్నది. వినాశమునకు వాడిన మందుకంటె విచారణకు వాడిన మందు ఎక్కువ దూరము ప్రేలినది.

ఐర్లండులో రైలుదారుల పనులు తగ్గగా 1861లో లండనుకు తరలి, సలహాలిచ్చు యింజనీరుగాను, పత్రికాసంపాదకుడుగాను జీవించెను. ఆ యేడే మేరీ యను నామెను ద్వితీయ వివాహమాడెను. 1877లో భూగర్భశాస్త్రసభవారు వోలాస్టన్ పతకమిచ్చి గౌరవించిరి. కాని అప్పటికే ఆయన చూపు పోయినది. దుర్భిణిలో పాదరసపు చిన్ని చలనమును పట్టిన కన్నులు కడపటి యేడు సంవత్సరములు చీకటిలో నుండెను.

ఆ చీకటిలోనే మరియొక పరీక్ష వచ్చెను. 1876 సెప్టెంబరు 24వ తేదీన న్యూయార్కు రేవుమార్గమున హాలెట్స్ పాయింటు అను బండను యేబదివేల పౌనుల డైనమైటుతో పగులగొట్టిరి. అమెరికా సైన్యపు యింజనీరు హెన్రీ ఆబట్ ఆ యదురును మాలెట్ పద్ధతిననే పాదరసముతో కొలిచెను. అయితే ఆయన దుర్భిణులలో కొన్ని మరింత శక్తిగలవి. వాటిలో తరంగము ముందుగా కనబడెను, వేగము మాలెట్ అంకెలకంటె మిక్కిలి ఎక్కువగా వచ్చెను. అనగా తొలుత వచ్చు సన్నని అలను మాలెట్ సాధనము చూడలేకపోయినది; వెనుక వచ్చు బలమైన, మెల్లనైన అలనే అది పట్టినది. ఇరువురి నడుమ పత్రికలలో వాదము జరిగెను. వృద్ధుడైన మాలెట్ తన అంకెను సులభముగా వదలుకొనలేదు.

ఇందులో న్యాయమెవరిది? అంకె విషయమున ఆబట్‌ది. గట్టి గ్రానైటులో తొలి తరంగము సెకండునకు అయిదారువేల మీటర్లు పోవునని నేడు నిస్సంశయముగా తెలియును. మాలెట్ చెప్పినది అయిదువందల మీటర్లు మాత్రమే. కాని కారణము విషయమున మాలెట్ చెప్పిన మాట చెక్కుచెదరలేదు. పగుళ్ళు తరంగమును మందగింపజేయుననుట నూటికి నూరుపాళ్ళు సత్యము. ఆయన మొత్తము తప్పినది, సూత్రము తప్పలేదు. తన పద్దులన్నియు దాచక వ్రాసిపెట్టుటచేతనే ఆ తప్పును మరియొకడు పట్టి సరిదిద్దగలిగెను. దాచిన లెక్కను దేవుడైనను సరిదిద్దలేడు.

1881 నవంబరు 5వ తేదీన రాబర్టు మాలెట్ లండనులో కన్నుమూసెను. మన దేశముతో ఆయనకు ఒక బంధుత్వము మాత్రము కలదు. ఆయన కుమారులలో నొకడైన ఫ్రెడరిక్ రిచర్డ్ మాలెట్ భారత భూగర్భశాఖలో పనిచేసి, వింధ్యశిలలను గూర్చియు, అండమాన్ సముద్రమందలి బారెన్ దీవి అగ్నిపర్వతమును గూర్చియు గ్రంథములు రచించెను.

ఇక ఆయన పండించిన పంట మనవంటి రైతుకుటుంబముల గడపకు ఎట్లు చేరినదో చెప్పెదను.

ఆనకట్ట యెంత గట్టిదైనను అది నిలుచు రాయి గట్టిది కానిచో నిష్ప్రయోజనము. ఫ్రాన్సు దేశమున మాల్పాసే అను చోట అరువదియారు మీటర్ల ఎత్తున విల్లువలె వంచి కట్టిన సుందరమైన కాంక్రీటు ఆనకట్ట యుండెను. 1959 డిసెంబరు 2వ తేదీ రాత్రి అది ఒక్కసారిగా పోయినది. నాలుగువందలమందికి పైగా జలసమాధియైరి. కాంక్రీటునందు దోషము లేదు. ఎడమగట్టున దాని భుజము మోపిన రాయి, లోపలి పగుళ్ళలో నీటి ఒత్తిడి పెరుగగా జారిపోయినది. పైకి చూచినవారికి అది రాయియే. లోపల నేమున్నదో రాయి చెప్పదు, అడుగవలెను.

రాతి పగుళ్ళను పూడ్చుటకు గ్రౌటింగు అను పద్ధతి కలదు. 1802లో ఫ్రాన్సులోని డియెప్ రేవున చార్లెస్ బెరిన్యీ యను యింజనీరు తూముక్రింది సందులలోనికి బంకమన్ను, సున్నము కలిపిన ముద్దను పంపుతో ఎక్కించెను. ఇప్పుడు రాతిలో లోతుగా రంధ్రములు తొలిచి, సిమెంటును నీటితో పాలవలె కలిపి, ఒత్తిడితో లోనికి పంపుదురు. పునాది అడుగున ఎల్లెడల తక్కువలోతున ఎక్కించినది రాతిని ఒక్క ముద్దగా బిగించుటకు. ఎగువప్రక్కన వరుసగా మిక్కిలి లోతున ఎక్కించినది నీరు క్రిందుగా దూరకుండ తెరవలె అడ్డుకొనుటకు.

మా చెరువుగట్టు పద్దు ఇచ్చట మరల నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఏ రంధ్రములో ఎన్ని బస్తాల సిమెంటు పోయినదో లెక్క ఉండును. కాని ఆ సిమెంటు కావలసిన సందులలో నిండెనా, లేక ఒక్క పెద్ద నెఱ్ఱెను పట్టుకొని ఎటో పారిపోయెనా? బస్తాల లెక్క దీనికి జవాబు చెప్పదు. తరంగము చెప్పును.

రెండు రంధ్రములను పదిమీటర్ల ఎడముగా తొలిచితిమనుకొనుడు. ఒకదానిలో చిన్నదెబ్బ కొట్టి, రెండవదానిలో ఆ యదురును విను సాధనమునుంతురు. గ్రౌటింగునకు ముందు తరంగము సెకండునకు 3,000 మీటర్ల వేగమున వచ్చినచో, అది చేరుటకు సెకండులో వేయింట మూడున్నరపాళ్ళకు కొంచెము తక్కువ కాలము పట్టును. సిమెంటు ఎక్కి గట్టిపడిన తరువాత అదే దూరము వేయింట రెండుంబావు పాళ్ళలో దాటినచో వేగము సుమారు 4,500 అయినదన్నమాట. రాతి బిగువు వేగపు వర్గమునుబట్టి పెరుగును. వేగము ఒకటిన్నర రెట్లయినచో బిగువు రెండుంబావు రెట్లగును. లోతులోతున ఇట్లు కొలిచి, అడ్డదిడ్డముగా పోవు అనేక తరంగముల కాలములను కలిపి గణించినచో, పునాది లోపల ఏ భాగము బిగిసినది, ఏ భాగము ఇంకను వదులుగా నున్నదో పటమువలె గీయవచ్చును. వదులున్న చోట మరల రంధ్రము తొలిచి మరల సిమెంటు ఎక్కింతురు.

ఇందును మోసపోవుటకు చోటు కలదు. పగుళ్ళలో గాలి పోయి ఉత్తనీరు నిండినను తొలి తరంగపు వేగము పెరుగును. ఏలనన గాలిలో అది సెకండునకు 340 మీటర్లే పోవును, నీటిలో 1,500 పోవును. నీటిని చూచి సిమెంటని భ్రమపడకుండుటకు రెండవ తరంగమును గూడ కొలుతురు. అది ప్రక్కవాటుగా ఊగుచు సాగునది. ద్రవములో అది సాగనేరదు. నీరు నిండినంతమాత్రమున దాని నడక బాగుపడదు. గట్టి సిమెంటు నిండిననే బాగుపడును. సిమెంటు గట్టిపడకముందే కొలిచినను మోసమే. మొదటినుండి మంచిదైన రాతిలో వేగము పెరుగకపోవుట తప్పుగాదు. బంకమన్ను నిండిన పగులులోనికి సిమెంటు చొరనే చొరదు. పైగా రాయి బిగిసినంతనే నీరు కారదని చెప్పుటకు వీలులేదు. అందుచేత రంధ్రములో ఒత్తిడితో నీరునింపి ఎంత పోవుచున్నదో కొలుచు పరీక్షను గూడ తప్పక చేయుదురు. స్విట్జర్లండు పండితుడు మారిస్ లూజన్ 1933లో ఏర్పరచిన కొలత ఇది: పది వాతావరణముల ఒత్తిడిలో మీటరు రంధ్రమునకు నిమిషమునకు ఒక లీటరు. ఒక సాక్షి చాలడు. సాక్షులు పెక్కురు ఏకవాక్యముగా చెప్పినప్పుడే తీర్పు.

మన కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నూటయిరువదినాలుగు మీటర్ల ఎత్తున మన కూలీలు రాయిమీద రాయి పేర్చి కట్టిన ఆ గోడను చూచినవారందరు గోడనే పొగడుదురు. నేనును పొగడుదును. కాని అచ్చటికి పోయినప్పుడెల్ల నా చూపు నీటి అంచున గోడ భూమిలోనికి దిగు చోటికే పోవును. అంతటి బరువును, అంతటి నీటిని మోయుచున్నది ఆ కనబడని రాయియే గదా! ఆ 1967లోనే డిసెంబరు 11వ తేదీన మహారాష్ట్రమున కొయినా ఆనకట్టవద్ద భూకంపము వచ్చి గోడ బీటవారెను, అయినను నిలిచెను. భూమి కదలదని నమ్మిన దక్కను వాసులకు అది గొప్ప హెచ్చరిక. ఆనకట్టలు కట్టువారు మాలెట్ చదివిన రెండు చదువులును చదువవలెను: భూమి తానై కొట్టు దెబ్బను గూర్చినది యొకటి, మనము భూమిని తట్టి అడుగు ప్రశ్నను గూర్చినది యొకటి.

మాలెట్ ఒక్క ఆనకట్టకును ఈ పరీక్ష చేయలేదు. ఆయన కాలమున ఇట్టి పని యుండునని ఆయనకే తెలియదు. ఒక పుస్తకములోని బొమ్మను చూచి, ఇది యిట్లేల అయినదని అడిగినాడు. వచ్చిన అంకె నచ్చకపోయినను దానిని దాచలేదు. అంతే ఆయన చేసినది. ఆ ప్రశ్నయు, ఆ దాచని అంకెయు కలిసి పెరిగి, నేడు లక్షలాది ఎకరముల పైరునకును, దిగువనున్న ఊళ్ళకును కాపుగా నిలిచినవి.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ బీరువాలలో బొమ్మలున్న పుస్తకములు చాల కలవు. సాయంకాలము దీపము వెలిగించిన తరువాత వచ్చి, బొమ్మలు చూచి, చదువకయే పోవు పిల్లలును కలరు. వారిని కసరవలదని గ్రంథపాలకునికి నా మనవి. వారిలో ఎవడో యొకడు ఒక బొమ్మయొద్ద ఆగి, ఇది యిట్లేలయని అడుగవచ్చును. వానికి బదులు చెప్ప చేతగాకపోయినను, అడిగినవానిని పంపివేయకుండుట మన చేతనగును. అట్లు చేసినచో ఈ గ్రంథాలయము గట్టిరాతిమీద నిలిచినదని నేను నా లెక్కలో వ్రాసికొందును.